ఎడమకాలికి పని ఉండాలా, వద్దా? చిన్న కారుకు గేరు ఎంచుకునే పద్ధతి

గుంటూరు నుంచి విజయవాడకి రోజూ వెళ్ళొచ్చేవాళ్ళకి ఒక దారిలోనే మూడు దారులుంటాయి. బ్రాడీపేట, అరండల్‌పేట అడ్డరోడ్ల నుంచి బయటపడేదాకా ఫస్టు, సెకండు. హైవే ఎక్కాక కాజ టోల్‌గేటు, మంగళగిరి దాటి వారధి దాకా టాపు గేరు. వారధి దిగి బెంజి సర్కిల్ దగ్గరికొచ్చామా, మళ్ళీ ఫస్టు, న్యూట్రల్, ఫస్టు, న్యూట్రల్. "చిన్న కారు కొంటున్నాం, మాన్యువల్ తీసుకోమంటారా, ఆటోమేటిక్కా?" అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే. ఈ మూడింట్లో మీ రోజులు ఎక్కడ గడుస్తున్నాయి? మీ ఆదివారాలు ఎక్కడ గడుస్తున్నాయి?

మా ఇంట్లో రెండూ ఉన్నాయి. నాది ఐదు గేర్ల మాన్యువల్, మా ఆవిడది ఏఎంటీ, అంటే క్లచ్, గేరు పని బండే చేసుకునే ఒక రకం ఆటోమేటిక్. రెండూ రోజూ రోడ్డు మీదికెళ్ళేవే. రెండింటి సుఖమూ, రెండింటి ఇబ్బందీ తెలిసి రాస్తున్నాను. ఇక్కడ చిన్న కారంటే నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న బండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ బండ్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అలా మిగిలిన డబ్బుతోనే చాలామంది మాన్యువల్ నుంచి ఆటోమేటిక్ వైపు జరుగుతున్నారు. జరగడంలో తప్పులేదు. అయితే మీకు బండి నడపడమంటే ఇష్టమైతే, స్టీరింగు పట్టుకున్నప్పుడు మనసు హుషారుగా ఉండాలనుకుంటే, బుకింగ్ డబ్బులు కట్టేముందు ఈ పనులు చేయండి.

మొదటి పని: ఒక వారం లెక్క రాయండి

ఫోన్లోనో చిన్న పుస్తకంలోనో ఏడు రోజులు రాసుకోండి. ఏ టైముకి బయల్దేరారు, ఎక్కడెక్కడ ఇరుక్కున్నారు, ఎంతసేపు బండి నడక వేగంతో పాకింది, ఎంతసేపు సాఫీగా సాగింది. కిలోమీటర్లు రాయకండి, నిమిషాలు రాయండి. ఏలూరు రోడ్డులో మూడు కిలోమీటర్లకి పట్టే సమయంలో హైవే మీద మంగళగిరి దాటిపోవచ్చు. కిలోమీటర్ల లెక్క చూస్తే అంతా హైవే లాగే కనిపిస్తుంది. క్లచ్ మీద కాలు ఎంతసేపు ఉందో నిమిషాలే చెబుతాయి.

వారం చివర కూడి చూడండి. పాకే సమయం మొత్తంలో సగానికి మించితే మీరు ఆటోమేటిక్ వైపు చూడాల్సిన మనిషి, మనసు మాన్యువల్ మీద ఎంత ఉన్నా సరే. పటమటలో ఇల్లు, వన్‌టౌన్‌లో దుకాణం ఉన్న మా తోడల్లుడిది ఇదే పరిస్థితి. గేరు వేయడమంటే ప్రాణం ఆయనకి. రెండేళ్ళు తిరిగేసరికి సాయంత్రం బండి దిగి మోకాలు పట్టుకుని కూర్చునేవాడు. నడపడంలో ఉన్న ఇష్టాన్ని ఆ ట్రాఫిక్కే తినేసింది. ఆటోమేటిక్‌కి మారాక ఆదివారం పూట మళ్ళీ కారు తీయాలనిపిస్తోందన్నాడు.

పాకే సమయం మూడో వంతు లోపే ఉంటే మాన్యువల్ హాయిగా తీసుకోండి. మధ్యలో ఉన్నవాళ్ళకి కిందివి ఇంకా అవసరం.

రెండో పని: గేరుబాక్సు కంటే ముందు ఇంజన్ని చూడండి

ఈ మెట్టు దాటేసి నేరుగా "ఆటోమేటిక్ ఉందా?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. చిన్న కారులో సరదా ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే ఇంజన్ తన బలాన్ని ఏ వేగం దగ్గర ఇస్తుందో తెలియాలి.

2024లో వచ్చిన స్విఫ్ట్‌ని చూడండి. మూడు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజన్, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి తోసి బలం పెంచే పరికరం) లేదు. దాని టార్కు, అంటే తిప్పే బలం, ఎక్కువలో ఎక్కువ 112 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజన్ 4300 ఆర్‌పీఎం (నిమిషానికి 4300 చుట్లు) తిరిగేటప్పుడు. అంటే 2000 ఆర్‌పీఎంలో నడుస్తూ ముందున్న లారీని దాటాలంటే యాక్సిలరేటర్ తొక్కితే చాలదు, ఒకటో రెండో గేర్లు దించాలి. ఇలాంటి ఇంజన్‌కి గేరే ప్రాణం. ఎప్పుడు దించాలో, ఎంత దించాలో మీరు నిర్ణయిస్తే ఆ తేలికైన బండి ఉరుకుతుంది. అదే పనిని ఏఎంటీ మోటారుకి అప్పగిస్తే అది ఆలోచించుకునేలోపు ఎదురుగా బస్సు వచ్చేస్తుంది.

ఇప్పుడు టర్బో బండ్లు చూడండి. ఐ20 ఎన్ లైన్‌లో ఉన్న ఒక లీటరు టర్బో ఇంజన్ 172 న్యూటన్ మీటర్లని 1500 ఆర్‌పీఎం నుంచే ఇస్తుంది. ఫ్రాంక్స్ టర్బో 148 దాకా ఇస్తుంది, 2000 నుంచి. ఇక్కడ బలం కిందనే ఉంది కాబట్టి గేరు కొంచెం ఆలస్యంగా మారినా బండి చచ్చుగా అనిపించదు. ఆటోమేటిక్‌కి నప్పే ఇంజన్లివి.

అందుకే నా అభిప్రాయం ఇది: టర్బో లేని చిన్న ఇంజన్ తీసుకుంటుంటే, సరదా కావాలనుకుంటే, మాన్యువల్. టర్బో తీసుకుంటుంటే మంచి ఆటోమేటిక్ కూడా సరదాగానే ఉంటుంది, మీ వారం లెక్కని బట్టి తేల్చుకోండి.

మూడో పని: "ఆటోమేటిక్" అన్నచోట ఆగి, ఏ రకం అని అడగండి

షోరూములో "ఆటోమేటిక్ సార్" అంటారు. ఆ ఒక్క మాట కింద నాలుగు వేరువేరు యంత్రాలున్నాయి. ఒకదానికీ ఇంకొకదానికీ నడకలో పోలికే ఉండదు.

ఏఎంటీ: ఇది లోపల మాన్యువలే. అదే గేరుబాక్సు, అదే క్లచ్ ప్లేటు. మీ ఎడమకాలు, ఎడమచెయ్యి చేసే పనిని ఒక మోటారో, హైడ్రాలిక్ పరికరమో చేస్తుంది. మన దేశంలో దీన్ని 2014లో సెలెరియోతో మొదలుపెట్టారు. మారుతి వాళ్ళు ఏజీఎస్ అంటారు. ధర తక్కువ, మైలేజీ మాన్యువల్‌కి సమానం, ఒక్కోసారి ఎక్కువ కూడా: 2024 స్విఫ్ట్‌కి కంపెనీ చెప్పే లెక్క మాన్యువల్‌కి లీటరుకి 24.80, ఏఎంటీకి 25.75 కిలోమీటర్లు. లోపం ఒకటే, అది చిన్నది కాదు. ఒక గేరు వదిలి ఇంకో గేరు పట్టుకునే మధ్యలో ఇంజన్ బలం చక్రాలకి అందదు. మీరు క్లచ్ తొక్కినప్పుడూ అంతే. తొక్కింది మీరే కాబట్టి అప్పుడు ఒళ్ళు దానికి సిద్ధంగా ఉంటుంది. ఏఎంటీలో మీకు తెలియకుండా జరుగుతుంది కాబట్టి తల ముందుకి ఊగుతుంది.

టార్క్ కన్వర్టర్: ఇంజన్‌కీ గేరుబాక్సుకీ మధ్య క్లచ్ ప్లేటు బదులు నూనె ఉంటుంది. ఒక ఫ్యాను గాలికి ఎదురుగా ఉన్న ఇంకో ఫ్యాను తిరిగినట్టు, ఇక్కడ గాలి బదులు నూనె తిప్పుతుంది. బ్రేకు వదలగానే బండి మెత్తగా ముందుకి జరుగుతుంది. అరిగిపోయే ప్లేటు మధ్యలో లేదు కాబట్టి మన ట్రాఫిక్కునీ, మన ఎండల్నీ బాగా తట్టుకుంటుంది. ఫ్రాంక్స్ టర్బోలో ఉన్న ఆరు గేర్ల ఆటోమేటిక్ ఈ రకమే. విజయవాడ లోపల రోజూ తిరుగుతూ, అప్పుడప్పుడూ హుషారుగా నడపాలనుకునేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే.

సీవీటీ: గేర్లే ఉండవు. రెండు కప్పీల మధ్య ఒక బెల్టు, కప్పీల వెడల్పు మారుతూ ఉంటుంది. ఊళ్ళో వెన్నలా ఉంటుంది. గట్టిగా తొక్కితే మాత్రం ఇంజన్ ముందు అరుస్తుంది, బండి తర్వాత కదులుతుంది. అమేజ్‌లో, మాగ్నైట్ టర్బోలో ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళని ఎక్కించుకుని తిరిగే బండికి మంచి ఎంపిక. నడపడంలో సరదా కోసమైతే నేను దీన్ని ఎంచుకోను.

డీసీటీ: రెండు క్లచ్‌లు. ఒకటి బేసి గేర్లకి, ఇంకోటి సరి గేర్లకి. మీరు మూడులో ఉండగానే నాలుగు సిద్ధంగా ఉంటుంది. మారడం రెప్పపాటే. ఐ20 ఎన్ లైన్‌లో ఏడు గేర్ల డీసీటీ ఉంది. హైవే మీదా, ఘాట్ రోడ్డు మీదా దీన్ని మించిన ఆటోమేటిక్ చిన్న కార్లలో లేదు. అయితే క్లచ్‌లు పొడివా, నూనెలో తడిసి ఉండేవా అని తప్పకుండా అడగండి. పొడి క్లచ్ ఉన్న బండిని మే నెల ఎండలో గంటసేపు అంగుళం అంగుళం జరిపితే వేడెక్కిపోతుంది. తడి క్లచ్‌కి నూనే చల్లదనం. 2022లో ఆల్ట్రోజ్‌లో పెట్టింది తడి రకం.

ఇవి కాక ఐఎంటీ అని ఇంకోటి ఉంది. గేరు రాడ్డు మీ చేతిలోనే ఉంటుంది, క్లచ్ పెడల్ మాత్రం ఉండదు. 2020లో వెన్యూతో వచ్చింది. ఐ20 ఎన్ లైన్‌కి కూడా మొదట్లో ఇదే ఇచ్చి, 2023లో దీన్ని తీసేసి మామూలు ఆరు గేర్ల మాన్యువల్ పెట్టారు. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకోండి, పేరు ఒకటే, పెడళ్ళు వేరు.

నాలుగో పని: షోరూములో సీట్లో కూర్చుని కాలిని అడగండి

ఇంజన్ స్టార్ట్ చేయకముందే పది నిమిషాలు కూర్చోండి. క్లచ్‌ని చివరిదాకా తొక్కినప్పుడు మోకాలు కొంచెం మడతపడి ఉండాలి. కాలు పూర్తిగా చాపాల్సి వస్తే సీటు ముందుకి జరపండి. అప్పుడు మోకాలు స్టీరింగుకి తగులుతోందా చూడండి. చిన్న కార్లలో చాలావాటికి స్టీరింగు పైకీ కిందికీ కదులుతుంది కానీ ముందుకీ వెనక్కీ జరగదు. పొడుగువాళ్ళకి ఇది పెద్ద సమస్య. అలాంటి బండిలో మాన్యువల్ తీసుకుంటే ఏళ్ళ తరబడి కాలు వంకరగా పెట్టి నడపాలి.

క్లచ్ పక్కన ఎడమకాలు ఆనించుకునే చోటు ఉందో లేదో చూడండి. లేకపోతే కాలు క్లచ్ మీదే ఆనుతుంది. కొంచెం ఆనినా ప్లేటు అరుగుతుంది.

గేరు రాడ్డుని ఇంజన్ ఆఫ్‌లో ఉంచే ఒకటి నుంచి ఐదు దాకా వేసి చూడండి. ఎంత దూరం కదులుతోంది, ప్రతి గేరూ తన గాట్లో పడిన సంగతి చేతికి తెలుస్తోందా, సెకండు నుంచి థర్డుకి వేసేటప్పుడు దానంతటదే మధ్యకి వస్తోందా? మంచి గేరు రాడ్డు చేతికి ఒక జవాబు చెబుతుంది. పిండిలో గరిట తిప్పినట్టుంటే ఆ బండిలో మాన్యువల్ తీసుకుని లాభం లేదు, దాంట్లో ఆటోమేటిక్కే నయం.

ఇంట్లో ఇంకెవరు నడుపుతారో వాళ్ళనీ కూర్చోబెట్టండి. మా అక్క కొడుకు గుంటూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. "మామయ్యా, గేరు బండి పాతకాలం కదా, నేను నేరుగా ఆటోమేటిక్‌తోనే నేర్చుకుంటా" అన్నాడు. "ముందు గేరు నేర్చుకోరా, తర్వాత వదిలేద్దువుగాని" అన్నాను. మన దగ్గర కారు లైసెన్సు రెండింటికీ ఒకటే. ఆటోమేటిక్‌తో మాత్రమే నేర్చుకున్నవాడు అర్ధరాత్రి ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చి, ఇంటి ముందు మాన్యువల్ బండి ఉంటే, తాళాలు చేతిలో పట్టుకుని నిలబడాల్సిందే. ఇంట్లో కొత్తగా నేర్చుకునేవాళ్ళుంటే దీన్ని కూడా లెక్కలో వేయండి.

ఐదో పని: టెస్ట్ డ్రైవ్ దారి మీరు చెప్పండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ దీని మీద పెట్టండి. షోరూము కుర్రాడు పొద్దున పదకొండింటికి, ఖాళీ సర్వీసు రోడ్డు మీద, రెండు కిలోమీటర్లు తిప్పి తీసుకొస్తాడు. ఆ దారిలో ఏ బండైనా బాగానే ఉంటుంది. మీరు ముందే ఫోన్ చేసి, సాయంత్రం ఆరున్నరకి కావాలని, ముప్పావుగంట కావాలని, ఇంట్లోవాళ్ళు ఇంకో ఇద్దరు కూర్చుంటారని చెప్పండి. కుదరదంటే ఇంకో షోరూముకి వెళ్ళండి. లక్షలు పెట్టేది మీరు.

ముందుగా ట్రాఫిక్. బందరు రోడ్డు మీదుగా బెంజి సర్కిల్ వైపు వెళ్ళండి. గుంటూరువాళ్ళయితే లక్ష్మీపురం మెయిన్ రోడ్డు చాలు. ఏసీ నిండుగా పెట్టండి. చిన్న ఇంజన్ మీద ఏసీ బరువు బాగా తెలుస్తుంది, మనం ఏడాదిలో తొమ్మిది నెలలు ఏసీతోనే నడుపుతాం. ఆటోమేటిక్‌లో బ్రేకు వదిలితే బండి దానంతటది మెల్లగా కదులుతోందా, లేక ఆలోచించి గెంతుతోందా? ఫస్టు నుంచి సెకండుకి మారేటప్పుడు వెనక సీట్లో అమ్మగారిని అడగండి, కుదుపు డ్రైవరు కంటే వెనకవాళ్ళకే బాగా తెలుస్తుంది. మాన్యువల్‌లో అయితే క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో చూడండి. పెడల్ మధ్యలో పట్టుకుంటే కాలికి సుఖం. బాగా పైన పట్టుకుంటే ప్రతిసారీ మడమ లేపాలి.

తర్వాత ఎక్కుడు. దీనికి కొండలు వెతకనక్కర్లేదు, ఏదైనా అపార్ట్‌మెంటు సెల్లార్ ర్యాంపు చాలు. సగంలో ఆపండి. బ్రేకు వదిలి యాక్సిలరేటర్ మీదికి కాలు తీసుకెళ్ళేలోపు బండి వెనక్కి జారుతోందా? హిల్ హోల్డ్ ఉన్న బండి రెండు సెకన్లపాటు ఆపి ఉంచుతుంది. లేని బండిలో, మాన్యువల్ అయినా ఏఎంటీ అయినా, హ్యాండ్ బ్రేకు లాగి ఎక్కించడం మీకు రావాలి. కనకదుర్గమ్మ కొండకి ఘాట్ రోడ్డులో ఒక్కసారి బండ్లు ఆగినప్పుడు ఎక్కిన మనిషికి ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. ముందు ఒక కారు, వెనక ఒక ఆటో, మధ్యలో జానెడు చోటు.

మూడోది దాటడం. హైవే మీద 60లో వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్‌ని నిండా తొక్కి, మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. మంచి డీసీటీ ఒకటి అనేలోపే గేరు దించుతుంది. టార్క్ కన్వర్టర్ ఒకటి అనేసరికి దించుతుంది. ఏఎంటీ రెండు దాటొచ్చు. ఆ రెండు సెకన్లని భరించగలరా? నాలుగు వరుసల హైవే మీదే ఎప్పుడూ తిరిగితే భరించొచ్చు. నరసరావుపేట, సత్తెనపల్లి వైపు రెండు వరుసల రోడ్లమీద తరచూ వెళ్తుంటే, ట్రాక్టర్లనీ మిర్చి బస్తాల లారీలనీ దాటుతుంటే, ఆ ఆలస్యం ప్రమాదకరం. ఏఎంటీ కొన్నవాళ్ళు అక్కడ ముందుగానే మాన్యువల్ మోడ్‌లోకి తోసుకోవాలి.

నాలుగోది రివర్సు. బ్రాడీపేట అడ్డరోడ్డులో, ఇటు డ్రైను, అటు స్కూటర్లు ఉన్నచోట వెనక్కి పెట్టి చూడండి. అంగుళాల్లో జరపాల్సినచోట ఏఎంటీ కంటే మీ ఎడమకాలే మేలని మాన్యువల్‌వాళ్ళు అంటారు, నిజమే. టార్క్ కన్వర్టర్ అయితే బ్రేకు మీద కాలు ఆనించి వదులుతుంటే చాలు.

మలుపులూ ఘాట్ రోడ్డూ షోరూము బండితో కుదరవు. దానికి ఒక ఉపాయం ఉంది. అదే మోడలు, అదే గేరుబాక్సు ఉన్న సెల్ఫ్ డ్రైవ్ కారుని ఒక ఆదివారానికి అద్దెకి తీసుకోండి. తెల్లవారకముందే గుంటూరు నుంచి కొండవీడు వెళ్ళండి. కోట మీదికి ఘాట్ రోడ్డు ఉంది, మలుపు వెనక మలుపు. ఎక్కేటప్పుడు సెకండులో ఇంజన్ గొంతు వింటూ, దిగేటప్పుడు బ్రేకు మీద భారం వేయకుండా గేరుతో వేగాన్ని అదుపుచేస్తూ నడిపి చూడండి. మలుపులోకి వెళ్ళేముందే సెకండు వేసుకుని, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మెల్లగా అదిమితే, తేలికైన చిన్న కారు చేతిలో పట్టుకున్న పతంగిలా తిరుగుతుంది. నాకు మాన్యువల్ మీద ఇంత మమకారం ఉండడానికి ఆ మలుపులే కారణం. అదే దారిలో ఏఎంటీ మీరు అడగని చోట గేరు మారుస్తుంది, ఎక్కుడులో మూడుకీ రెండుకీ మధ్య ఊగిసలాడుతుంది. ఒక్క ఆదివారం అద్దె డబ్బు, పదేళ్ళ నిర్ణయాన్ని తేల్చేస్తుంది.

ఆరో పని: సెకండ్ హ్యాండ్ అయితే

సరదా బండ్లలో కొన్ని ఇప్పుడు పాతవే దొరుకుతాయి. పోలో 2022లో ఆగిపోయింది. ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది, ఫిగో దాంతోనే పోయింది. 2017లో వచ్చిన బాలెనో ఆర్ఎస్ మాన్యువల్‌తో మాత్రమే అమ్మారు. పోలో జీటీ టీఎస్ఐ కావాలనుకునేవాళ్ళు ఏ సంవత్సరందో చూడాలి: 2013లో వచ్చిన 1.2 లీటర్ల బండిలో ఏడు గేర్ల డీసీటీ, అదీ పొడి క్లచ్ రకం. 2020 నుంచి ఒక లీటరు ఇంజన్‌తో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్. మన ఊళ్ళో రోజూ తిప్పడానికి రెండోదే తీసుకోమంటాను.

మాన్యువల్ బండి క్లచ్ పరీక్ష ఇలా చేయండి. ఖాళీ రోడ్డు మీద థర్డు గేరులో 30లో వెళ్తూ యాక్సిలరేటర్ నిండా తొక్కండి. ఇంజన్ చప్పుడు జివ్వున పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోందన్నమాట. క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే గరగర శబ్దం వస్తే రిలీజ్ బేరింగు పోయింది. క్లచ్ వదిలేటప్పుడు బండంతా వణికితే ప్లేటుతోపాటు ఫ్లైవీల్ కూడా చూపించండి. ఆటోనగర్‌లో చిన్న పెట్రోలు బండ్ల క్లచ్ పని రోజూ చేసే మెకానిక్కులున్నారు, ఒక రోజు పని. ఏఎంటీలో కూడా మార్చేది అదే ప్లేటే, కానీ మార్చాక స్కానర్ పెట్టి క్లచ్ ఎక్కడ పట్టుకోవాలో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించాలి. ఆ స్కానర్ ఉందో లేదో అడగకుండా బండి ఇవ్వకండి.

ఇంకొకటి, విజయవాడలో కొనేవాళ్ళు మరీ జాగ్రత్తగా చూడాల్సింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా నీళ్ళలో ఉన్నప్పుడు ఎన్నో కార్లు మునిగాయి. అవన్నీ తుక్కుకి పోలేదు. నీళ్ళలో మునిగిన మాన్యువల్ గేరుబాక్సునైతే శుభ్రం చేసి, నూనె మార్చి వాడొచ్చు. ఆటోమేటిక్‌లో గేర్లని నడిపించే కంప్యూటరు, వైర్ల జాయింట్లు, మోటార్లు ఉంటాయి. అప్పుడు బాగానే ఉండి ఏడాదికో రెండేళ్ళకో చిలుం పట్టి మొరాయిస్తాయి. కార్పెట్టు ఎత్తి బురద మరక చూడండి. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా చూడండి. సీటుబెల్టుని చివరిదాకా లాగండి, లోపలి భాగంలో నీళ్ళ గీత ఉంటే అది దాగదు. బీమా క్లెయిముల చరిత్ర అడగండి. ఇవ్వనంటే ఆ బండి వద్దు.

ఏడో పని: డబ్బు లెక్క

దీన్ని క్లుప్తంగా చెబుతాను. ఒకే మోడల్లో మాన్యువల్‌కీ ఏఎంటీకీ తేడా సుమారు యాభై వేలు. టార్క్ కన్వర్టర్, డీసీటీ అయితే లక్ష, అంతకంటే ఎక్కువ. తేడాని ఆన్ రోడ్ ధరలోనే చూడండి, లైఫ్ ట్యాక్సు, బీమా కూడా దాన్ని బట్టే పెరుగుతాయి. మాన్యువల్‌లో మిగిలిన డబ్బుతో మంచి టైర్లు వేయించుకోవచ్చు. సరదాగా నడిపేవాళ్ళకి గేరుబాక్సు తర్వాత తేడా తెలిసేది టైర్లలోనే. వారంటీ అయిపోయాక డీసీటీ రిపేరు మాన్యువల్ క్లచ్ ఖర్చుకి ఎన్నో రెట్లుంటుంది కాబట్టి, డీసీటీ తీసుకునేవాళ్ళు ఎక్స్‌టెండెడ్ వారంటీ తప్పనిసరిగా తీసుకోండి.

ఎనిమిదో పని: కొన్నాక దానికి తగ్గట్టు నడపండి

మాన్యువల్ తీసుకున్నవాళ్ళు నేర్చుకోవాల్సిన విద్య ఒకటుంది, గేరు దించేటప్పుడు ఇంజన్ వేగాన్ని సరిపెట్టడం. థర్డులో వస్తూ మలుపు ముందు బ్రేకు వేసి వేగం తగ్గించండి. క్లచ్ తొక్కి సెకండు వేయండి. క్లచ్ వదిలేముందు కుడికాలితో యాక్సిలరేటర్‌ని ఒక్క తట్టు తట్టండి. ఇంజన్ గొంతు పైకి లేచిన ఆ క్షణంలోనే క్లచ్ వదలండి. సరిగ్గా కుదిరితే గేరు మారినట్టే తెలియదు. మొదట్లో పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పుతుంది. ఆదివారం పొద్దున్నే అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద, వెనక బండ్లేవీ లేనప్పుడు, 40 దాటకుండా సాధన చేయండి. రెండు వారాల్లో కాలికి వచ్చేస్తుంది. వచ్చాక ఆఫీసుకెళ్ళే దారిలో కూడా సంతోషం దొరుకుతుంది, ఇది నా అనుభవం. సిగ్నల్ దగ్గర మాత్రం న్యూట్రల్ వేసి క్లచ్ మీంచి కాలు తీసేయండి.

ఏఎంటీ తీసుకున్నవాళ్ళకి మా ఆవిడ దగ్గర నేర్చుకున్న కిటుకు చెబుతాను. గేరు మారే సమయం ఇంజన్ చప్పుడుని బట్టి నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. సరిగ్గా ఆ ముందు యాక్సిలరేటర్ కొంచెం వదలండి, మారగానే మళ్ళీ అదమండి. తల ఊగడం దాదాపు పోతుంది. తన బండిలో వెనక కూర్చుంటే అది ఏఎంటీ అని నాకే గుర్తుండదు.

ఏఎంటీకీ డీసీటీకీ కలిపి ఒక హెచ్చరిక. ఎక్కుడులో బండిని యాక్సిలరేటర్‌తో ఆపి ఉంచకండి. మీకు హాఫ్ క్లచ్ కనబడదు కానీ లోపల జరిగేది అదే, ప్లేటు కాలుతూ ఉంటుంది. బ్రేకుతోనే ఆపండి. ట్రాఫిక్కులో అడుగు అడుగు జరిపే బదులు, ముందు బండి ఒక కారు పొడవు జరిగేదాకా ఆగి, అప్పుడు ఒకేసారి కదలండి. ఆ సందులోకి ఆటో దూరుతుంది, దూరనివ్వండి. కొండ దిగేటప్పుడు ఏ రకమైనా డ్రైవ్‌లో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లో సెకండుకో, సీవీటీ అయితే ఎల్‌కో మార్చుకోండి.

ఎడమకాలికి పనిలేని బండికి కొత్తగా మారినవాళ్ళు మొదటి వారం ఆ కాలిని సీటు వైపు వెనక్కి లాక్కుని కూర్చోండి. లేని క్లచ్ అనుకుని అది వెడల్పాటి బ్రేకు పెడల్‌ని గట్టిగా తొక్కేస్తుంది, వెనక వచ్చేవాడు గుద్దేస్తాడు. వారధి దిగే జోరులో అస్సలు జరగకూడని పని అది. అందుకే కొత్త బండిని షోరూము నుంచి నేరుగా ట్రాఫిక్కులోకి తీసుకెళ్ళకుండా, డెలివరీ పొద్దున పూట పెట్టించుకుని, పూజ అయ్యాక ఒక గంట ఖాళీ రోడ్డు మీద తిప్పి ఇంటికి తెచ్చుకోండి.